బ్యాంకాక్ డిన్నర్ క్రూజ్: అమ్మానాన్నలతో ఎక్కాలా, మానాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నవంబర్‌లో బ్యాంకాక్ వస్తున్నారు, వెంట అరవై దాటిన అమ్మానాన్న, ఆరేళ్ల పాప. పెద్దవాళ్లు గుడ్డు కూడా ముట్టరు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పడవంటే భయం. ప్యాకేజీవాళ్లు ‘ఇండియన్ డిన్నర్ క్రూజ్’ అని ఒకటి అంటగడుతున్నారు, అది తీసుకోవాలా, వేరేది చూసుకోవాలా, అసలు మానేయాలా అని.

మానేయకండి. ప్యాకేజీలో ఇచ్చేది మాత్రం వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఓపిక చేసుకుని చదవండి.

మాది విజయవాడ, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు దాటింది. ఊరి నుంచి ఎవరొచ్చినా మా ఇంటికి రావడం, రెండో రోజుకల్లా ‘ఏదో లైట్ల పడవ ఉందటగా, దాని మీద తిప్పు’ అనడం మామూలైపోయింది. అలా లెక్కపెట్టకుండా ఇరవైసార్లు పైనే ఎక్కి ఉంటాను, పెద్దవి, చిన్నవి, డీజే ఉన్నవి, వయొలిన్ వాయించేవి, ఒకసారి పాత బియ్యం పడవని టేకు చెక్కతో బాగుచేసి హోటల్‌లా మార్చినది కూడా. ఇన్నిసార్లు తిరిగాక నాకు అర్థమైంది ఏంటంటే, అందరూ మెనూ చూసి పడవని ఎంచుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఆ బఫే మన ఊళ్లో ఓ మోస్తరు పెళ్లి భోజనానికి కూడా సరితూగదు. మీరు డబ్బులు పెట్టేది నది చూడ్డానికి. కాబట్టి ఎక్కడ కూర్చోబెడతారు, ఏ రేవులో ఎక్కాలి, ఎన్నింటికి బయల్దేరుతుంది, ఈ మూడూ ముందు తేల్చుకోండి, పనీర్ ఉందా లేదా అన్నది ఆ తర్వాత.

నది గురించి రెండు ముక్కలు, ఎందుకంటే దీన్ని బట్టే సీటు సంగతి తేలుతుంది. మన కృష్ణ ప్రకాశం బ్యారేజి దగ్గర కిలోమీటరు పైనే ఉంటుంది, మధ్యలోకి వెళ్తే రెండు ఒడ్డులూ గీతల్లాగే కనిపిస్తాయి. ఇక్కడ చావ్ ఫ్రయా ఊరి మధ్యలో రెండు మూడు వందల మీటర్లకి మించదు. అందుకే డిన్నర్ క్రూజ్ అనే వ్యాపారం ఇక్కడ ఇంత బాగా నడుస్తోంది, కుర్చీలోంచి లేవకుండానే రెండు ఒడ్డుల మీదా గుడులు, చర్చిలు, కోటలు అన్నీ చేతికందేంత దగ్గరగా జరిగిపోతుంటాయి. చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది, రాజభవనం ముందు నుంచి పడవ వెళ్లే ఆ నీళ్లు అసలు నది దారి కాదు. 1542లో అయుత్తయ (ఈ దేశపు పాత రాజధాని) రాజు ఒకాయన, సముద్రం నుంచి వచ్చే ఓడలకి చుట్టుదారి తప్పుతుందని, నది పెద్ద వంపు తిరిగే చోట అడ్డంగా కాలువ తవ్వించాడు. నది ఆ దగ్గరి దారికి అలవాటుపడి కాలువనే వెడల్పు చేసేసుకుంది, పాత దారి చిక్కిపోయి ఇప్పుడు బ్యాంకాక్ నోయ్, బ్యాంకాక్ యాయ్ అనే కాలువలుగా మిగిలింది. మా నాన్నకి పడవలో నచ్చింది ఈ ఒక్క కథే, ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషి కదా, ఆ రాత్రంతా దాని గురించే అడిగారు.

ఇక రూటు. పెద్ద పడవలు దాదాపు అన్నీ ఐకాన్‌సయామ్, రివర్ సిటీ, ఏషియాటిక్, ఈ మూడింట్లో ఏదో ఒక రేవు నుంచి బయల్దేరి ఎగువకి వెళ్లి, రామా 8 వంతెన దగ్గర వెనక్కి తిరిగి అదే దారిలో వస్తాయి. మొత్తం రెండు గంటలు. ఎగువకి వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు థోన్‌బురి ఒడ్డు: సాంతా క్రూజ్ చర్చి, పెద్ద కల్యాణమిత్ గుడి, ఆ తర్వాత వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి). కుడి వైపు పాత బ్యాంకాక్ ఒడ్డు: 1932లో కట్టిన మెమోరియల్ వంతెన దాటగానే పూల మార్కెట్, వాట్ ఫో, రాజభవనం, థమ్మసాత్ యూనివర్సిటీ, చివర్లో తెల్లగా ఎనిమిది పలకల ఫ్రా సుమేన్ కోట. (సుమేన్ అంటే మన సుమేరువే. ఇక్కడ ఇలాంటివి అడుగడుగునా తగులుతాయి, అయుత్తయ అంటే అయోధ్య, వాట్ అరుణ్‌లో అరుణుడు సూర్యుడి సారథి. మీ నాన్నగారికి ఇవి చెప్తూ ఉండండి, టైమ్ తెలియదు.) తిరుగు ప్రయాణంలో వైపులు మారతాయి, అంటే వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చున్నవాళ్లకి వాట్ అరుణ్ పక్కనే, వచ్చేటప్పుడు రాజభవనం పక్కనే. కుడి వైపు కూర్చున్నవాళ్లకి అదే తలకిందులు. కాబట్టి ఎడమా కుడా అని సీట్ల కోసం కొట్టుకోవద్దు, రెండు వైపులా రెండూ వస్తాయి. కొట్టుకోవాల్సింది పైడెక్కు మీద రెయిలింగ్ పక్క టేబుల్ కోసం.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పడవ కదలగానే ‘బఫే రెడీ’ అని మైకులో చెప్తారు, రెండు వందల మంది ఒక్కసారి లేచి కింది డెక్కులో లైన్ కడతారు. ఐకాన్‌సయామ్ నుంచి వాట్ అరుణ్ రావడానికి పట్టేది ఇరవై, పాతిక నిమిషాలు. ఆ లైన్ ముందుకి కదలడానికి పట్టేది కూడా అంతే. ప్లేటు పట్టుకుని, ముందున్నవాడి వీపు చూస్తూ, రొయ్యల ట్రే ఎప్పుడు నింపుతారా అని నిలబడి ఉండగానే, ఏ గుడి కోసం ఇంత దూరం వచ్చామో అది కిటికీ అవతల బంగారు రంగులో మెల్లగా వెనక్కి వెళ్లిపోతుంది. మొదటిసారి నేనూ అలాగే వాట్ అరుణ్‌ని నూడుల్స్ గిన్నె మీదుగా చూశాను. మీరు చేయాల్సిందల్లా ఒకటే, మొదటి అరగంట ఎవరూ లేవకండి. పాపకి ఆకలైతే మీ ఇద్దరిలో ఒకరు వెళ్లి ఒక ప్లేటులో పండ్లు, బ్రెడ్ తెచ్చేయండి. పడవ రామా 8 దగ్గర తిరిగేసరికి లైన్ ఖాళీ అవుతుంది, అప్పుడు తీరిగ్గా తినొచ్చు. రొయ్యలు అయిపోతాయేమో అనే భయం మీకెలాగూ లేదు కదా.

వెజ్ సంగతి. దీని మీద దాచకుండా చెప్తాను, తర్వాత నన్ను తిట్టుకోకూడదు. థాయ్ వంటలో మన ఉప్పు చేసే పని చేపల సాస్ చేస్తుంది, ‘నామ్ ప్లా’ అంటారు, చూడ్డానికి పల్చటి సోయా సాస్‌లా ఉంటుంది. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్, కూరలో వేసే ముద్దలో రొయ్యల పేస్ట్. వండేవాడి దృష్టిలో ఇవేవీ మాంసం కాదు, మసాలా. అందుకే ‘ఇది వెజిటబులా’ అని అడిగితే నవ్వుతూ అవునంటాడు, వాడు అబద్ధమాడటం లేదు. మా అక్క మామగారు ఒకసారి రెండు గిన్నెలు టొమాటో రంగు సూప్ తాగేసి చాలా బాగుందన్నారు, మూడో గిన్నెలో అడుగున చిన్న స్క్విడ్ ముక్క వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఏ హోటల్లోనూ నీళ్లు కూడా ముట్టలేదు. అందుకని ‘వెజ్’ అనకండి, ‘జే’ అనండి. జే అంటే ఇక్కడి చైనా సంప్రదాయంలో నిష్ఠగా చేసే శాకాహారం, మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ ఉండవు. పసుపు కాగితం మీద ఎర్రటి అక్షరాలతో బోర్డు ఉంటుంది, దూరం నుంచి చూస్తే అంకెల్లో 17 అని రాసినట్టే కనిపిస్తుంది, ఆ గుర్తు ఒకటి కంఠస్థం చేయండి చాలు. టికెట్ బుక్ చేసేటప్పుడే ఇద్దరికి జే భోజనం విడిగా కావాలని రాయండి, ముందు రోజు ఒకసారి గుర్తుచేయండి, ఎక్కాక టేబుల్ దగ్గరికి వచ్చిన అమ్మాయికి మళ్లీ చెప్పండి. మూడుసార్లు చెప్తే ఒకసారి పనవుతుంది.

అయినా నేనైతే వీళ్లిద్దరినీ ఆకలితో పడవెక్కించను. నేను చేసే పద్ధతి చెప్తాను. పడవ టైముకి బాగా ముందుగానే సీలోం రోడ్డు మీద ఉన్న మారియమ్మన్ గుడికి తీసుకెళ్తాను, పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్న గుడి, గోపురం చూడగానే మనవాళ్ల ప్రాణం లేచొస్తుంది. ఆ చుట్టుపక్కల దక్షిణాది హోటళ్లు ఉంటాయి, ఇడ్లీ, దోశ, మంచి కాఫీ. కడుపు అక్కడే సగం నింపేసి, పది నిమిషాలు నడిస్తే సురసక్ బీటీఎస్ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్, అక్కడి నుంచి ఒక్క స్టేషన్ సఫాన్ తాక్సిన్, దాని కిందే నది. ఇక పడవలో పుచ్చకాయ ముక్కలు, ఐస్‌క్రీమ్ తిన్నా వాళ్లకి సరిపోతుంది, మీరూ ప్రతి గిన్నె మూతా ఎత్తి వాసన చూసే పని తప్పుతుంది. పాపకి చిన్న డబ్బాలో పెరుగన్నం పెట్టుకోండి. బయటి తిండి తేకూడదని రూల్ రాసి ఉంటుంది గానీ పసిపిల్ల డబ్బా చూసి నన్నెవరూ ఇంతవరకు ఆపలేదు.

ఇప్పుడు ఆ ‘ఇండియన్ క్రూజ్’. ఇవి ప్యాకేజీ గ్రూపుల కోసమే నడిచేవి. దాల్, జీరా రైస్, పనీర్, ఒక ఆలూ కూర ఉంటాయి, తినొచ్చు, అది నిజమే. కానీ అరగంట గడిచాక డీజే మొదలవుతుంది, స్పీకర్లు టేబుల్ పక్కనే ఉంటాయి, ఆ తర్వాత మీ నాన్నగారు మీతో ఒక్క మాట మాట్లాడాలన్నా చెవిలో అరవాల్సిందే. కుర్రాళ్ల గ్యాంగ్ అయితే నేనే ఎక్కమంటాను, తెలుగు పాట అడిగితే వేస్తారు కూడా, ఆఫీస్ బ్యాచ్ ఒకటి పైడెక్కు అదిరిపోయేలా గంతులేయడం నేను చూశాను, వాళ్లకి ఆ రోజు నది ఉన్నా లేకపోయినా ఒకటే. మీ కుటుంబానికి అది శిక్ష. ఇంకో ఇబ్బంది ఏంటంటే, గ్రూపు టికెట్ మీద ఏ పడవో, ఏ డెక్కో రాసి ఉండదు, ఏది ఖాళీ ఉంటే అందులో పడేస్తారు. ఒకసారి సుఖుంవిత్‌లో ఒక కౌంటర్‌వాడు ‘పైడెక్కు, విండో సైడ్’ అని పెన్నుతో రాసి మరీ ఇచ్చాడు, తీరా వెళ్తే కింది డెక్కులో రెండు స్తంభాల మధ్య, బఫే వేడి గిన్నెల ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ కాగితం చూపిస్తే పడవవాళ్లు ‘ఇది మేం రాసింది కాదు’ అన్నారు. అందుకే నేరుగా పడవ కంపెనీ దగ్గర గానీ, నమ్మకమైన యాప్‌లో గానీ తీసుకోండి, ‘ఓపెన్ పైడెక్కు’ అన్న మాట టికెట్ మీదే ఉండాలి.

మోకాళ్ల మాట ఇక్కడ వస్తుంది. పైడెక్కుకి మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, బఫే, టాయిలెట్ ఎక్కువగా కిందే. అమ్మగారు ఒకసారి ఎక్కి, ఒకసారి దిగగలిగితే పైనే కూర్చోబెట్టండి, ఎక్కే ముందే రేవులో టాయిలెట్‌కి తీసుకెళ్లండి, ప్లేటు మీరు పైకి తెచ్చివ్వండి. ఆ మాత్రం కూడా కష్టమైతే కింది డెక్కులో ముందు భాగంలో అద్దం పక్క టేబుల్ అడగండి, ఏసీ ఉంటుంది, అయితే రాత్రి పూట అద్దంలో బయటి కంటే మన మొహాలే ఎక్కువ కనిపిస్తాయి, ఫొటోలు ఒక్కటీ బాగా రావు. రేవు దగ్గర ఇంకో సంగతి, ఈ నదికి సముద్రం పోటు తగులుతుంది, నీటి మట్టాన్ని బట్టి తేలే రేవు పైకీ కిందకీ అవుతుంటుంది, దాని మీదికి దించే వంతెన ఒక్కో రోజు చదునుగా ఉంటే ఒక్కో రోజు బాగా వాలుగా ఉంటుంది. పైగా పడవలు పక్కపక్కనే ఆనించి కడతారు, ఒక్కోసారి ఒక పడవలోంచి నడిచి రెండో దానిలోకి వెళ్లాలి. అక్కడ కుర్రాళ్లు చెయ్యి అందిస్తారు, మొహమాటపడకుండా పట్టుకోమనండి. హైహీల్స్, జారే చెప్పులు వద్దు.

ఆమె భయం గురించి. ‘అమ్మ ఊరికే భయపడుతుంది’ అని మీరు రాశారు, ఊరికే కాదండీ. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, కార్తీక మాసం, అందరూ సరదాగా వెళ్లినవాళ్లే. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు. మా అమ్మ కూడా ఆ వార్తలు టీవీలో రోజంతా చూసిన మనిషి, విజయవాడలో బెర్మ్ పార్క్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లే లాంచీ పేరెత్తినా వద్దనేది. ఆమెకి నచ్చజెప్పడానికి నేను మాటలు వాడలేదు. ముందు రోజు పగలు ఊరికే థా తియెన్ రేవుకి తీసుకెళ్లాను, అక్కడి నుంచి వాట్ అరుణ్ ఒడ్డుకి బల్లకట్టు లాంటి చిన్న పడవ తిరుగుతూ ఉంటుంది, కొద్ది బాత్‌లే టికెట్, ఐదు నిమిషాల్లో అవతల. స్కూలు పిల్లలు, కూరగాయల బుట్టతో ముసలమ్మ, కాషాయం కట్టుకున్న భిక్షువు, అందరూ మన సిటీ బస్సు ఎక్కినట్టు ఎక్కి దిగుతుంటే చూసింది. తిరిగి వచ్చేటప్పుడు తనే ముందెక్కింది. ఆ తర్వాత సాయంత్రం పడవ దానికంటే ఎన్నో రెట్లు పెద్దదని కళ్లారా చూసింది కాబట్టి పేచీ పెట్టలేదు. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో సిబ్బందిని అడిగి ఆమెకి చూపించండి, సీటు కింద గానీ తల పైన అరల్లో గానీ ఉంటాయి. మనవాళ్లకి కనిపిస్తే చాలు, వేసుకోకపోయినా ధైర్యం వస్తుంది. నది మీద ఊపు పెద్దగా ఉండదు, వాంతుల మాత్రలు అక్కర్లేదు. లారీ ఇంజిన్‌కి పొడవాటి కడ్డీ బిగించి నడిపే సన్నటి పడవలు రయ్యిమని పక్క నుంచి పోయినప్పుడు మాత్రం గ్లాసులో నీళ్లు కాస్త తొణుకుతాయి, అంతే.

టైమ్ విషయంలో నా ఓటు రాత్రి 7:45 పడవకి కాదు, సాయంత్రం 5 గంటల ప్రాంతంలో బయల్దేరే సన్‌సెట్ పడవకి. నవంబర్‌లో ఇక్కడ ఆరు కొట్టకముందే సూర్యుడు దిగిపోతాడు, జూలైలో అయితే దాదాపు ఏడు. వాట్ అరుణ్ ఉన్నది పడమటి ఒడ్డు మీద, కాబట్టి ఎగువకి వెళ్లేటప్పుడు గుడి వెనకాలే ఎర్రగా పొద్దు వాలుతుంటుంది, తిరిగొచ్చేసరికి అదే గుడికి దీపాలు వెలిగి ఉంటాయి, ఒకే టికెట్‌కి రెండు రకాల గుడి. ఆ వెలుతురులో గోపురం మీది పింగాణీ ముక్కలు కూడా తెలుస్తాయి, చైనా ఓడల్లో వచ్చిన పింగాణీ పగిలిన ముక్కల్ని పువ్వుల్లా అతికారు, రాత్రి పడవలో అదంతా ఒకే పసుపు ముద్ద. సన్‌సెట్ పడవలో జనం తక్కువ, పాటలు మెల్లగా, ధర కూడా చాలాచోట్ల కాస్త తక్కువే. రాత్రి పడవకి ఉన్న గొప్పల్లా మెరుపులు, అది కాదనను, రామా 8 వంతెన ఒక్క స్తంభం మీద నుంచి బంగారు తీగలు జారినట్టు వెలుగుతుంటే మొదటిసారి చూసేవాళ్లు నోరు తెరుస్తారు. పెద్దవాళ్లు నిద్ర ఆపుకోలేరేమో అన్నది మాత్రం సమస్య కాదు, మనకంటే ఇక్కడ గంటన్నర ముందు, పడవ 9:45కి ఒడ్డుకొస్తే వాళ్ల ఒంటికి ఇంకా ఎనిమిదింపావే.

పొద్దు ఉండగా ఎక్కితే ఇంకోటి కూడా కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇసుకో బియ్యమో నింపుకున్న పెద్ద పెద్ద బార్జీలు మూడు నాలుగు ఒకదాని వెనక ఒకటి, వాటన్నిటినీ లాగుతూ ముందు చిన్న బొమ్మలాంటి టగ్ బోటు. బార్జీ అంచు నీళ్లకి జానెడు పైన ఉంటుంది, వెనక చిన్న రేకుల గది, గది ముందు తీగ మీద బట్టలు ఆరేసి, కుక్క ఒకటి కాళ్లు చాపుకుని పడుకుని, లోపల ఒకావిడ కూర తిరగేస్తూ ఉంటుంది. వాళ్ల కాపురమే అక్కడ. మన పడవలో సెల్ఫీలు తీసుకుంటున్న మూడొందల మందినీ ఆవిడ ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ గరిటె తిప్పుకుంటుంది. వాటి చుట్టూ గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలుతూ వస్తుంటుంది. దాన్ని ఇక్కడ ‘జావా’ పేరుతోనే పిలుస్తారు, 1901లో జావా నుంచి రాజకుటుంబం అందంగా ఉందని తెచ్చుకున్న మొక్క, మన చెరువుల్ని పట్టినట్టే ఈ దేశం కాలువలన్నిటినీ పట్టేసింది.

రేవు విషయంలో జాగ్రత్త, అన్నిటికంటే ఎక్కువ మంది పోగొట్టుకునేది ఇక్కడే. టికెట్ మీద ఏ రేవు రాసి ఉందో దాన్ని అక్షరం అక్షరం చదవండి. మా బాబాయి వాళ్లు వచ్చినప్పుడు ‘రివర్’ అన్న మాట విని టాక్సీవాడు నేరుగా రివర్ సిటీకి పట్టుకెళ్లాడు, మా పడవేమో నది అవతల ఐకాన్‌సయామ్‌లో. ఇవతల ఒడ్డున నిలబడి మా పడవకే నీలం లైట్లు వెలగడం, జనం ఎక్కడం, అంతా చూస్తూనే ఉన్నాం, పిన్ని పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పరుగు, అవతలికి వెళ్లే చిన్న పడవ ఎక్కి చేరేసరికి వాళ్లు తాడు విప్పుతున్నారు. ఆగారు, మా అదృష్టం. మామూలుగా ఆగరు, డబ్బులూ రావు. సాయంత్రం ప్రతునామ్, నానా లాంటి ప్రాంతాల నుంచి టాక్సీలో బయల్దేరితే గంట పట్టొచ్చు, గంటన్నరా పట్టొచ్చు, అందుకని రైలే మేలు. సయామ్ స్టేషన్‌లో లైన్ మారి సఫాన్ తాక్సిన్ దిగితే కిందే సాథోన్ రేవు, అక్కడి నుంచి ఐకాన్‌సయామ్‌కి పడవలు తిరుగుతుంటాయి. పడవలు మారడం ఇష్టం లేకపోతే ఇంకో స్టేషన్ ముందుకెళ్లి క్రుంగ్ థోన్‌బురిలో గోల్డ్ లైన్ రైలు ఎక్కండి, ఒక్క స్టాప్ చరోన్ నఖోన్, లిఫ్టులున్నాయి, నేరుగా ఐకాన్‌సయామ్ మాల్ లోపలికే. ముప్పావుగంట ముందు చేరండి, లోపల చల్లగా కూర్చోవచ్చు.

ఖర్చు గురించి, నేను చివరిసారి చూసినప్పుడు పెద్ద పడవలు మనిషికి 1000 నుంచి 1600 బాత్ మధ్య ఉన్నాయి, బాత్‌కి రెండున్నర రూపాయల పైనే వేసుకోండి. కౌంటర్ మీద అచ్చేసిన ధర ఇంకా ఎక్కువ ఉంటుంది, అది ఎవరూ కట్టరు. పిల్లలకి కొన్నిచోట్ల వయసు కాకుండా ఎత్తు చూసి టికెట్ వేస్తారు, పాపని గోడకి నిలబెట్టి ముందే కొలుచుకోండి. ఎక్కేటప్పుడు థాయ్ బట్టలు వేసుకున్న అమ్మాయిల మధ్య నిలబెట్టి ఫొటో తీస్తారు, దిగేటప్పుడు ఫ్రేమ్ కట్టి చేతిలో పెడతారు. అది ఉచితం కాదు, నవ్వి వద్దంటే సరిపోతుంది. మందు, కూల్‌డ్రింకులు చాలావాటిలో విడిగా బిల్లు.

ఇదంతా చదివి మీకు ఓపిక పోతే, క్రూజ్ లేకుండానే నది చూసే దారి కూడా ఉంది. సాథోన్ రేవు నుంచి నారింజ జెండా ఎక్స్‌ప్రెస్ పడవ, టికెట్ ఇరవై బాత్ లోపే, సాయంత్రం ఐదు లోపు ఎక్కితే పైన చెప్పిన గుడులన్నీ అదే వరసలో వస్తాయి. నిలబడాల్సి రావచ్చు, అమ్మగారికి అదొక్కటే ఇబ్బంది. తెల్లవారి మీరూ పాపా ఇద్దరే వెళ్లి రండి, దానికి ఈ పడవే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు, తాడు పట్టుకుని ఈల వేసే మనిషిని చూసి మా అబ్బాయి రెండేళ్లు అదే ఉద్యోగం చేస్తానన్నాడు.

ఒకే ఒక్క సందేహం మిగిలింది, మీ తేదీలు. నవంబర్‌లో పౌర్ణమి రోజు ఇక్కడ లోయ్ క్రథోంగ్, సాధారణంగా మన కార్తీక పౌర్ణమి నాడే పడుతుంది, ఓ రోజు అటూ ఇటూ. అరటి బోదె ముక్క మీద ఆకు మడిచి, పువ్వులు పెట్టి, వత్తి వెలిగించి నీళ్లలో వదులుతారు, మన అరటి దొప్ప దీపాలే అనుకోండి. ఆ రాత్రి క్రూజ్ ధరలు బాగా పెరుగుతాయి, రేవుల దగ్గర అడుగు వేయలేం, మోకాళ్ల నొప్పులున్న మనిషితో అసలు వద్దు. మీరు ఆ రోజు ఊళ్లోనే ఉంటే పడవ ముందు రోజుకి పెట్టుకుని, పౌర్ణమి నాడు మీ హోటల్‌కి దగ్గర్లో ఏదైనా పార్కు చెరువు ఒడ్డుకి వెళ్లండి, క్రథోంగ్‌లు అక్కడే అమ్ముతారు. అమ్మగారు దీపం వదిలితే ఆ ఫొటో ముందు ఏ క్రూజ్ ఫొటో నిలవదు. తేదీలు, హోటల్ ఉన్న ప్రాంతం రాయండి, ఏ రేవు దగ్గరో, ఎన్నింటికి బయల్దేరాలో చెప్తాను.